హాస్టల్ గది సర్దుకోవడం: నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

దోస్త్‌లో (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్) సీటు ఖరారైందంటే చాలు, ఏటా అవే ప్రశ్నలు. పరుపు ఇక్కడి నుంచే మోసుకుపోవాలా, కెటిల్ వాడనిస్తారా, ఆ ఊరి నీళ్లు తాగొచ్చా, పాపకు రాత్రిపూట భయం లేదు కదా. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, రెండు చోట్లా ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, వాటిని చూసి వెలిసిన ప్రైవేటు హాస్టళ్లు... వీటిల్లో చేరేవాళ్ల కోసం జవాబులన్నీ ఒకచోట పెట్టాను. నా లెక్క ఒక్కటే: ముందు తాళం, కరెంటు, నీళ్లు. గోడకు వేలాడే రంగు లైట్లు ఆ తర్వాత.

## చేరకముందు

ఇంటి నుంచి ఏం తీసుకుపోవాలి, అక్కడ ఏం కొనుక్కోవాలి?

బట్టలు, రెండు దుప్పట్లు, దిండు, కంచం, గ్లాసు, చెంచా, మందుల డబ్బా, మంచి తాళం ఒకటి ఇంటి నుంచి తీసుకుపోండి. మిగతావి గది చూశాక కొనండి. ముఖ్యంగా పరుపు. హాస్టల్ ఇనుప మంచాలు అన్నీ ఒకే కొలత ఉండవు. కొన్ని రెండున్నర అడుగుల వెడల్పు, కొన్ని మూడు. ఇంట్లో ఉన్న మందపాటి పరుపు మోసుకుపోతే సగం గాల్లో వేలాడుతుంది. టేపుతో కొలిచి, దూది పరుపో బొంతో అక్కడే తీసుకోండి. బకెట్, మగ్గు, చీపురు, దండెం తాడు, హ్యాంగర్లు నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో ఒక్క సాయంత్రంలో దొరికిపోతాయి. వాటికోసం బస్సులో అవస్థ పడటం దండగ.

ఇంట్లో పాలమూరు గొంగడి ఉంటే మాత్రం వదలకండి. డిసెంబర్, జనవరి చలికి దాని ముందు ఏ రగ్గూ పనికిరాదు. తడిస్తే ఆరడానికి రోజులు పడుతుందని గుర్తుంచుకుంటే చాలు.

ప్రైవేటు హాస్టల్ చూడటానికి పోతున్నాం. ఏమేం గమనించాలి?

పొద్దున పదకొండింటికి పోతే ఏ హాస్టలైనా బాగానే కనిపిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి పోండి. పిల్లలంతా ఉంటారు, నల్లాలో నీళ్లు వస్తున్నాయో లేదో తెలుస్తుంది, అన్నం పప్పు కళ్లముందే ఉంటాయి.

అన్నిటికంటే ముందు మెట్లు చూడండి. దిగడానికి రెండో దారి ఉందా? డాబా మీదికి పోయే తలుపుకు తాళం వేస్తే దాని చెవి ఎవరి దగ్గర ఉంటుంది? కిటికీ గ్రిల్ మొత్తం గోడలోకి బిగించేసిందా, తెరుచుకునే భాగం ఏదైనా ఉందా? గోడకు మంటలార్పే సిలిండర్ ఉంటే దాని ముల్లు పచ్చ రంగులో ఉండాలి. ఎర్రలోకి దిగితే అది అలంకారమే. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, బైకులు, పాత పరుపులు కుక్కి ఉంటే ఇంకో హాస్టల్ చూసుకోండి. కింద నిప్పంటుకుంటే పైవాళ్లకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. యజమాని చెప్పేది విన్నాక, ఆయన పక్కన లేనప్పుడు అక్కడున్న పిల్లల్లో ఇద్దరిని అడగండి.

యూనివర్సిటీ హాస్టల్ ఊరి బయట ఉందట. టౌన్‌లో రూమ్ తీసుకుంటే నయమా?

మొదటి సంవత్సరం క్యాంపస్ హాస్టలే నయం. అన్నెపర్తి దగ్గరున్న ఎంజీయూ అయినా, బండమీదిపల్లి దగ్గరున్న పీయూ అయినా, సాయంత్రం ప్రయాణం తప్పడమే పెద్ద లాభం. అమ్మాయిలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఖర్చు సమస్య కాదు. చీకటి పడ్డాక బస్సు కోసం ఎదురుచూడటమే సమస్య. ఊరు, మనుషులు తెలిశాక రెండో సంవత్సరం రూమ్ గురించి ఆలోచించండి.

## మొదటి రోజు

గదిలో అడుగుపెట్టగానే ముందు ఏం చేయాలి?

పెట్టె విప్పకండి. ముందు ఫోన్ తీసి గది నాలుగు మూలలు, పగిలిన అద్దం, ఊడిన స్విచ్, గోడ మీది మరకలు ఫొటోలు తీసి ఇంటివాళ్లకు వాట్సాప్‌లో పంపండి. తేదీతో సహా ఉండిపోతాయి. ఆ తర్వాత ఫ్యాన్, లైటు, ప్రతి సాకెట్, కిటికీ రెక్కలు పని చేస్తున్నాయో చూడండి.

ఇంకొకటి, నల్లులు. పరుపు పరవకముందే మంచం కీళ్లు, పట్టీల సందులు, పాత పరుపు అంచు కుట్టు టార్చితో చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నట్టే. ఇనుప మంచాన్ని బయటికి లాగి సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, ఎండలో పెట్టాలి. పరుపు మీద పురుగుమందు కొట్టి దానిమీదే పడుకోవడం అస్సలు వద్దు. ఒక్క గదిలో చేసి పక్క గది వదిలేస్తే మళ్లీ వస్తాయి. వార్డెన్‌కు చెప్పి వరుసంతా ఒకేరోజు చేయించండి.

దర్వాజకు లోపల గడియ సరిగా పడట్లేదు. మొదటి రోజే అడిగితే వార్డెన్ మేడం ఏమనుకుంటారో?

ఏమనుకున్నా పర్వాలేదు, ఆరోజే అడగండి. ఫ్యాన్ రెండు రోజులు ఆగుతుంది, గడియ ఆగదు. నోటిమాటతో సరిపెట్టకుండా గది నంబరు, తేదీ వేసి కాగితం మీద రాసిచ్చి, దాన్ని ఫొటో తీసుకోండి. అప్పటిదాకా ఆ గదిలో ఒంటరిగా పడుకోకండి, పక్క గదిలో సర్దుకోండి.

వడ్రంగి వచ్చినప్పుడు దగ్గరుండండి. చాలా చోట్ల గడియ మంచిదే ఉంటుంది కానీ అర అంగుళం స్క్రూలతో బిగిస్తారు. భుజంతో ఒక్క నెట్టు నెడితే చెక్కతో సహా ఊడొస్తుంది. పొడవు స్క్రూలు వేయమని చెప్పండి. బయట వేసే తాళం మీ సొంతది కావాలి, చెవులు గదిలోవాళ్ల దగ్గరే ఉండాలి. దర్వాజ పైన గూట్లోనో చెప్పుల కిందో చెవి దాచిపెట్టే అలవాటు మన దగ్గర ప్రతి దొంగకూ తెలుసు.

ప్రైవేటు లేడీస్ హాస్టల్. రహస్య కెమెరాల గురించి వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఎలా చెక్ చేసుకోవాలి?

బాత్రూంలో, బట్టలు మార్చుకునే చోట లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చిని కంటికి దగ్గరగా పట్టుకుని గీజర్, వెంటిలేటర్, స్విచ్‌బోర్డు, గోడలో పనిలేని రంధ్రాల మీద మెల్లగా తిప్పండి. కెమెరా కన్ను ఉంటే చిన్న మెరుపు కనిపిస్తుంది. పని లేకుండా సాకెట్‌లో ఉండిపోయిన చార్జర్, అడాప్టర్లాంటివి ఉంటే తీసి బయట పెట్టేయండి. వరండాలో, గేటు దగ్గర సీసీ కెమెరా ఉండటం మంచిదే. గది లోపలికి చూసేలా ఉంటే కుదరదని చెప్పండి. నిజంగా ఏదైనా దొరికితే దాన్ని పీకకండి, యజమానికి కూడా చెప్పకండి. ఫొటో తీసి, గది మూసి, 112కు ఫోన్ చేయండి.

తల ఉత్తరం వైపు పెట్టి పడుకోవద్దని అమ్మ అంటోంది. మంచం ఎటు వేయాలి?

నలుగురుండే గదిలో మంచం ఎటు పడితే అటే దిక్కు! దిండు అటుది ఇటు మార్చుకుంటే అమ్మ మాటా నిలుస్తుంది. మంచం దర్వాజకు అడ్డం రాకుండా, వర్షం కొట్టే కిటికీకి జానెడు దూరంలో, తల పక్కన వేలాడే వైర్లు లేకుండా చూసుకోండి. రెండంతస్తుల మంచమైతే పైనవాళ్లు లేచి కూర్చుని చెయ్యెత్తితే ఫ్యాన్ రెక్క తగలకూడదు.

## మొదటి నెల

గదికి ఒకటే సాకెట్. నలుగురం. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, లెక్క తెలిసి. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే దాదాపు 1,380 వాట్లు. బాక్సుకు ఆరు రంధ్రాలున్నా సరే, మొత్తం కలిపి అంతకు మించకూడదు. నాలుగు ఫోన్లు, రెండు లాప్‌టాప్‌లు, ఒక టేబుల్ ల్యాంపు కలిపినా మూడు వందల వాట్ల లోపే, కాబట్టి బేఫికర్. అదే బాక్సుకు ఇస్త్రీ పెట్టె తగిలించి, పక్కన ఇంకొకరు కెటిల్ పెడితే వైరు వేడెక్కడం మొదలవుతుంది.

ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు, సొంత ఫ్యూజు ఉన్నదే కొనండి. ఫుట్‌పాత్ మీది బాక్సుల్లో వైరు పైకి లావుగా ఉంటుంది, లోపల రాగి మాత్రం దారమంత. బాక్సుకు ఇంకో బాక్సు తగిలించొద్దు. పరుపు కింద నుంచి, దర్వాజ సందులోంచి వైరు లాగొద్దు. పది నిమిషాల తర్వాత ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి కాలితే వెంటనే తీసేయండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే అది చెడిపోయిందనుకోవద్దు. ఎక్కడో బరువు ఎక్కువైందని చెప్తోంది.

కెటిల్, నీళ్ల రాడ్డు, ఇండక్షన్ స్టవ్: వీటిలో ఏది వాడనిస్తారు?

చాలా హాస్టళ్లలో మూడూ నిషేధమే. దొంగచాటుగా వాడేవాళ్లూ చాలామందే. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్ల దాకా లాగుతుంది, చిన్న సాకెట్ మీద దాని మాటే వద్దు. కెటిల్‌కు అనుమతి ఉంటే 1,500 వాట్లది కాకుండా 600, 800 వాట్ల చిన్నది చూసుకోండి. మ్యాగీకి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

నాకు అసలు భయం రాడ్డు అంటేనే. చలికాలం పొద్దున నిద్రమత్తులో, రాడ్డు ఆన్‌లో ఉండగానే నీళ్లు వేడెక్కాయా అని బకెట్‌లో వేలు పెడతారు. ప్రాణాలు పోయేది అక్కడే. పెద్ద సాకెట్ ఉండి, తప్పదనుకుంటే: ప్లాస్టిక్ బకెట్, ముందు నీళ్లు, తర్వాత రాడ్డు, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల రంధ్రంలోకి దూర్చే అడాప్టర్ వాడితే ఎర్త్ ఉండదు. ఇలాంటి వస్తువులకు అది మరీ ప్రమాదం.

స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. చిన్న షాకే కదా?

కాదు. ఎర్త్ లేదనో వైరు తెగిందనో అర్థం. తడి చేత్తో ముట్టుకున్న రోజు అది చిన్న షాక్‌గా ఉండదు. ఎంసీబీ దించి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ బోర్డు వాడకండి.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా. మరగబెట్టి తాగితే సరిపోతుందా?

సరిపోదు. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది కాస్త చిక్కబడుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తరాలు వంగిపోయింది బోరునీళ్లలోని ఈ ఫ్లోరైడ్ వల్లే. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారే లేని చోట 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరే పడింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని తయారు చేసింది.

హాస్టల్లో మీరు అడగాల్సింది: తాగే నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా? నది నుంచి వచ్చే మిషన్ భగీరథ నీళ్లయితే ఫ్లోరైడ్ బెంగ అక్కర్లేదు. బోరయితే ఆర్‌ఓ ఉండాలి, దాని ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారో అడగాలి. జేబులో పట్టే టీడీఎస్ మీటరు నీళ్లలో మొత్తం లవణాలెంతో చూపిస్తుంది కానీ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, దాన్ని నమ్ముకోకండి. ఇరవై లీటర్ల క్యాన్ వేయించుకుంటే మూత సీలు, క్యాన్ లోపల పచ్చటి పాచి చూసి తీసుకోండి. ఎండ తగిలేచోట పెట్టొద్దు.

సబ్బు నురగ రావట్లేదు, జుట్టంతా గడ్డిలా అవుతోంది. ఏం చేయాలి?

ఉప్పునీళ్ల బోరు. చివరి రెండు మగ్గులు మంచినీళ్లతో తల కడుక్కుంటే చాలావరకు సర్దుకుంటుంది. కెటిల్ అడుగున తెల్లటి పొర కడితే నిమ్మకాయ పిండిన నీళ్లు ఒకసారి మరగించి పారబోయండి.

దోమల చక్రం వెలిగించి పడుకోవచ్చా?

మూసిన గదిలో ఆ పొగ రాత్రంతా పీల్చడం మంచిది కాదు. పరుపు పక్కన పెడితే దుప్పటి అంచు జారి నిప్పంటుకుంటుంది. దోమతెర అన్నిటికంటే నయం, దాని అంచులు పరుపు కిందికి దోపాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి మధ్యాహ్నం కునుకుకూ తెర దించండి. బకెట్లలో, కూలర్‌లో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోసి ఆరబెడితే దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రాకముందే కథ ముగుస్తుంది.

క్యాంపస్ చుట్టూ గుట్టలు, పొదలు. పాములు, తేళ్లు వస్తాయా?

వస్తాయి, ముఖ్యంగా తొలకరి వానలకు. దర్వాజ కింది సందుకు రబ్బరు పట్టీ కొట్టించండి. బాత్రూం తూముకు జాలీ ఉండాలి. బూట్లు, మూలకు పడేసిన బట్టలు దులిపాకే వేసుకోవాలి. రాత్రి బాత్రూంకు టార్చి లేకుండా పోవద్దు. గదిలో తిండి మెతుకులు ఉంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పాము.

వేడికి తట్టుకోలేక నేల మీద పడుకునేవాళ్లు కట్లపాము సంగతి తెలుసుకోవాలి. అది రాత్రిపూట తిరుగుతుంది, కరిస్తే చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. వాపూ పెద్దగా రాదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోవద్దు. మంచం మీద, తెర దోపుకుని పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108 పిలిచి, నేరుగా జిల్లా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి పోండి. పామును పట్టుకుపోవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్. తేలు కుట్టినవాళ్లకు చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే అదీ ఆసుపత్రి కేసే.

అమ్మ పంపిన సకినాలు, తొక్కులకు చీమలు పడుతున్నాయి. ఎలా దాచాలి?

ప్లాస్టిక్ కవర్లు పనికిరావు. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, కాసిన్ని నీళ్లున్న పళ్లెం మధ్యలో ఆ డబ్బా పెట్టండి. తొక్కు సీసాలో తడి చెంచా పెట్టనివ్వకండి. మీరు జాగ్రత్తగానే ఉంటారు, పక్క గదివాళ్లకు కూడా చెప్పాలి. అయినా సకినాలు హాస్టల్లో రెండో రోజు దాకా మిగలడమే అరుదు!

గదిలో దీపం, అగరబత్తి వెలిగించుకోవచ్చా?

వార్డెన్ ఒప్పుకుంటే, స్టీలు పళ్లెంలో, పరదాలకు దూరంగా. గది వదిలి పోయేటప్పుడు ఆర్పాల్సిందే. క్లాసుకు ఆలస్యమవుతుందంటే ఆరోజుకు దండం చాలు.

రూమ్మేట్ రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తాడు. నిద్ర పట్టట్లేదు. గొడవ కాకుండా ఎలా చెప్పాలి?

పగటిపూట, టీ తాగుతున్నప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. అర్ధరాత్రి చెప్తే ఏదైనా గొడవే. పెద్ద లైటు ఎన్నింటికి ఆపాలో, ఇయర్‌ఫోన్లు ఎప్పటినుంచి పెట్టుకోవాలో అందరూ కలిసి అనుకోండి. మంచానికి తగిలించుకునే చిన్న ల్యాంపు కొంటే చదివేవాళ్లు చదువుకుంటారు, పడుకునేవాళ్లు పడుకుంటారు.

సీనియర్లు రాత్రి వాళ్ల గదికి రమ్మంటున్నారు. పోకపోతే ఏమవుతుందో?

పోవద్దు. మన రాష్ట్రంలో ర్యాగింగ్ 1997 చట్టం ప్రకారం నేరం. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీపగలూ పనిచేస్తుంది, పేరు బయటికి రాకుండా చెప్పొచ్చు. వచ్చిన మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. “సరదాకే” అనే మాటకు మోసపోవద్దు.

ఫోన్, లాప్‌టాప్ పోకుండా ఏం చేయాలి? పోతే?

స్నానానికి పోయే పది నిమిషాల్లోనే ఎక్కువ పోతాయి. గదిలో ఎవరూ లేకపోతే తాళం వేయాల్సిందే. చిన్న ఇనుప పెట్టె పాతకాలపుదిగా కనిపించినా మంచిది, గొలుసుతో మంచం కాలికి కట్టొచ్చు. *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు సంఖ్య) ఇప్పుడే ఇంట్లో రాసిపెట్టండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో ఫోన్‌ను బ్లాక్ చేయించాలి. బ్యాంకు డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బాబు ఫోన్ చేసిన ప్రతిసారీ ఇంటికొచ్చేస్తా అంటున్నాడు. తీసుకొచ్చేయాలా?

మొదటి కొన్ని వారాలు చాలామందికి ఇంతే. రోజూ ఒకే వేళకు మాట్లాడండి, మార్కుల గురించి కాకుండా ఏం తిన్నాడో అడగండి. తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆగొద్దు, ఆరోజే బయల్దేరండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

## ఎండాకాలం

మాది పై అంతస్తు. ఏప్రిల్ వస్తే గది కొలిమే. ఏం చేయొచ్చు?

పగటి ఎండకు స్లాబు వేడెక్కి రాత్రంతా దాన్ని కిందికి దింపుతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీలు మూసి మందపాటి పరదా వేయండి, చీకటి పడ్డాక అన్నీ తెరవండి. నలుగురు కలిసి వార్డెన్‌ను డాబాకు తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయించమని అడగండి. రాష్ట్రానికి 2023లోనే కూల్ రూఫ్ విధానం వచ్చింది, ఆ మాట చెప్తే అర్జీకి కాస్త బలం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు గదిలో ఉంచుకోండి, ఒక ప్యాకెట్ లీటరు నీళ్లకు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి విసురుతూ 108కు ఫోన్ చేయాలి.

కూలర్ కొనుక్కుంటే లాభమేనా?

ఏప్రిల్, మే పొడి ఎండకు బాగా పనిచేస్తుంది, వానలు మొదలయ్యాక ఉక్కపోత తప్ప ఏమీ ఉండదు. కిటికీ దగ్గర పెట్టి, గాలి బయటికి పోవడానికి ఎదురుగా ఇంకోటి తెరిచి ఉంచాలి. ఇనుప బాడీ కూలర్ వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకోండి. ఏదైనా సరే ప్లగ్గు పీకాకే నీళ్లు పోయాలి.

## సెలవులు, ఖాళీ చేయడం

బతుకమ్మ, దసరా సెలవులకు పోతున్నాం. గది ఎలా వదలాలి?

ప్లగ్గులన్నీ పీకి, తిండి వస్తువులు ఇంటికి తీసుకుపోండి, బకెట్లు బోర్లించండి, పరుపు చుట్టి నిలబెట్టండి. నల్లా కట్టేశారో లేదో ఇంకోసారి చూడండి. నీళ్లు రానప్పుడు తిప్పి మర్చిపోతారు, తిరిగొచ్చేసరికి కింది గదివాళ్లు ఎదురుచూస్తుంటారు.

ఖాళీ చేస్తున్నాం. అడ్వాన్స్‌లో గోడ మరకలకు కోత పెడతానంటున్నారు. ఏం చేయాలి?

చేరిన రోజు తీసిన ఫొటోలు, కట్టిన డబ్బుకు రసీదో ఫోన్‌పే రికార్డో చూపించండి. ఏ మరకకు ఎంత కోస్తున్నారో కాగితం మీద రాసివ్వమనండి. చాలామంది అక్కడే తగ్గుతారు. తాళం చెవి మాత్రం లెక్క తేలిన రోజే ఇవ్వండి.